పూసకట్టిన తేనె

మార్గశిర, పుష్యమాసములు వచ్చినచో మన యిండ్లలో నెయ్యి పూసకట్టును. కొబ్బరినూనె సీసాలోనే తెల్లగా పేరుకొనును. ఇల్లాలు నేతిగిన్నెను పొయ్యిప్రక్కకు జరుపును. నూనెసీసాను ఎండలో నిలుపును. నెయ్యి పూసకట్టినదని నేతి నమ్మినవారిని ఎవ్వరును నిందింపరు. సరికదా, పూసనెయ్యి యని మెచ్చుకొని మరునాడు మరికొంత కొందురు. అదే యింటిలో, అదే అలమరలో, అదే చలికి తేనె పూసకట్టినచో మాత్రము మన మాట మారిపోవును. తేనెలో పంచదార పాకము కలిసినదని నిశ్చయించుకొందుము.

మేమును ఒకప్పుడు అట్లే నిశ్చయించుకొంటిమి. విజయవాడ సత్యనారాయణపురమున మేము కాపురముండిన వీధికి ఏటేట వేసవిలో ఒక యామె సత్తుబిందె తలకెత్తుకొని తేనె యమ్మ వచ్చుచుండెడిది. ఒక యేడు వైశాఖమున నాలుగైదు ఇండ్లవారము ఆమెయొద్ద తేనె కొంటిమి. కొన్ననాడు అది పలుచగా, బంగారు వన్నెతో నుండెను. సంక్రాంతి నాటికి సీసాలో ముప్పాతిక భాగము తెల్లని గడ్డ యైనది. పైన కొంచెము పలుచని రసము నిలిచినది. మరుసటి వేసవిలో ఆమె వచ్చినపుడు వీధివారందరును ఆమెపై విరుచుకుపడిరి. "ఏమమ్మా, పాకం కలిపి అంటగట్టి పోయావు గదా!" అని యొకరు, "ఇంత తెల్లని తేనె ఏ చెట్టుకు కాసింది?" అని వేరొకరు. ఆమె బిందె దింపకయే "చలికి పేరింది తల్లీ, కాస్త వెచ్చన పెట్టుకుంటే కరుగుద్ది" అని రెండుమారులు చెప్పినది. ఎవ్వరును వినలేదు. ఆమె మరల మా వీధికి రాలేదు.

ఆనాటి మాటలలో మా మాటయు నొకటి. తరువాత కొంత చదివియు, కొంత పెద్దల నడిగియు తెలిసికొనగా, ఆ వీధిలో ఆ పూట తెలిసి మాటాడినది ఆమె యొక్కతెయే యని తేలినది. ఆమె తేనె పరిశుద్ధమైనదని మే మిప్పుడు సాక్ష్యమీయజాలము. కాని పూసకట్టుటను మాత్రమే చూచి ఆమెను దోషిని చేయుట తప్పని నిస్సంశయముగా చెప్పగలము. తేనె పేరుకొనుట క్రొత్త విషయము కాదు. దానిని చూచి అనుమానించుటయే క్రొత్త. ఈ యనుమానము మనలో ఎట్లు ప్రవేశించినదో, తేనెను దాచుకొను పద్ధతులు కాలక్రమమున ఎట్లు మారినవో చూతము.

మన ప్రాచీన వైద్యులు తేనెను మిక్కిలి శ్రద్ధగా పరిశీలించిరి. చరకసంహితలో తేనె నాలుగు తెగలుగా చెప్పబడినది: మాక్షికము, భ్రామరము, క్షౌద్రము, పౌత్తికము. సుశ్రుతసంహిత వీనికి ఛాత్రము, ఆర్ఘ్యము, ఔద్దాలకము, దాలము అను మరి నాలుగింటిని చేర్చి ఎనిమిది తెగలుగా లెక్కించినది. ఈ భేదములు ముఖ్యముగా తేనెను కూర్చు ఈగల జాతులను బట్టి ఏర్పడినవి. వన్నెలును వేరువేరుగా చెప్పబడినవి: ఒకటి నూనెవలె నుండును, ఒకటి నేతివలె నుండును, ఒకటి కపిలవర్ణము, ఒకటి తెలుపు. తేనె యన్నచో బంగారు రంగులో పారదర్శకముగా నుండి తీరవలెనను నియమము ఆ వైద్యులకు లేదని దీనివలన తెలియుచున్నది.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. చరకసంహితలోను సుశ్రుతసంహితలోను మధుశర్కర యను పదార్థము పేర్కొనబడినది. తేనెనుండి పుట్టిన శర్కర అని దాని యర్థము. మన సీసా అడుగున కనబడు తెల్లని పలుకులే అవి. ఆ గ్రంథములు దానిని చెడిన తేనెగా త్రోసివేయలేదు. దానికి ప్రత్యేకమైన గుణములు చెప్పి, వాంతులను అతిసారమును అణచునట్టి ఔషధముగా స్వీకరించినవి. నేడు మనము కల్తీకి గురుతుగా భావించు దానికి ఆనాడు మందుల పేర్ల నడుమ స్థానము లభించినది.

తేనెను నిలువచేయుట కూడ వైద్యమున ఒక భాగమై యుండెను. క్రొత్త తేనె శరీరమునకు పుష్టినిచ్చునని, ప్రాత తేనె క్రొవ్వును తగ్గించునని సుశ్రుతము విభజించినది. ప్రాత తేనె కావలెనన్నచో వైద్యుడు దానిని కొంతకాలము దాచి యుంచవలెను. దాచిన తేనెపై చలికాలములు గడచిపోవును. అట్టివాడు పూసకట్టిన తేనెను చూడకుండుట అసంభవము. అయినను దానిని కరిగించుటకు పొయ్యిపై పెట్టుమని ఆ శాస్త్రము చెప్పలేదు. పెట్టవలదని గట్టిగా నిషేధించినది. ఈగలు నానావిధములైన పూవులనుండి తేనెను కూర్చును, వానిలో విషపుష్పములు కూడ నుండవచ్చును, కావున తేనెకు వేడి విరుద్ధమని వారు కారణము చెప్పిరి. ఈ కారణమును నేటి రసాయనశాస్త్రము ఇదే రూపమున అంగీకరింపదు. కాని తేనెను కాచరాదను మాటకు వేరొక దారిని అదియును చేరినది. ఆ సంగతి ముందు చెప్పుదుము.

వైద్యుని యింటి తరువాత తేనెను విశేషముగా నిలువచేసినది రాజుగారి కోష్ఠాగారము. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని విధులను చెప్పుచోట, నిలువచేయదగిన వస్తువులు వర్గములుగా పేర్కొనబడినవి. బెల్లము, ఖండశర్కర మొదలైనవి యొక వర్గము. తేనె వేరొక వర్గము. చెరకునుండి వచ్చు తీపిని, ఈగలు కూర్చిన తీపిని ఒక్కచోట కలిపి లెక్కించుటకు ఆ గ్రంథకర్త యొప్పుకొనలేదు.

దీనికి భిన్నముగా, నిలువకే హద్దు పెట్టిన సంప్రదాయ మొకటి కలదు. బౌద్ధుల వినయపిటకము రోగులైన భిక్షువులకు ఐదు ఔషధములను అనుమతించినది: నెయ్యి, వెన్న, నూనె, తేనె, చెరకు ఫాణితము. ఇవి స్వీకరించిన పిదప ఏడు దినములకు మించి దాచుకొనరాదని నియమము. ఈ నియమము పుట్టుటకు చెప్పిన కథ మన వంటయిండ్లను జ్ఞాపకము చేయును. భిక్షువులు ఈ వస్తువులను కుండలలో, సంచులలో నింపి విహారమంతట దాచిరట. కుండలు కారినవి, ఎలుకలు చేరినవి, చూచినవారు ఈ సన్న్యాసులకు ఇన్ని కొట్లేల యని ఆక్షేపించిరి. అంతట ఏడుదినముల కట్టడి యేర్పడినది. భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, అమరావతి - ఈ బౌద్ధక్షేత్రములన్నియు మన కృష్ణాతీరమునకు చెందినవే. వినయమును పఠించిన భిక్షువులు ఇచ్చట కూడ తేనెకుండకు రోజులు లెక్కపెట్టుకొని యుందురని ఊహించుట అసంగతము కాదు. ఏడు దినములలో ముగియు తేనెకు పూసకట్టు నవకాశ మరుదు.

గృహస్థుల యిండ్లలో తేనె యెప్పుడును విరివిగా లేదు. పంచామృతములలో ఒక పాలు. వైద్యుడిచ్చిన చూర్ణమునకు అనుపానముగా ఒక ఉద్ధరిణె. పెండ్లిలో వరునకిచ్చు మధుపర్కము. పెరుగు, తేనె మొదలైనవి కలిపి ఆదరముగా నొసగు పానీయమునకు మధుపర్కమని పేరు. తెలుగువారి యిండ్లలో నేడు మధుపర్కము లనగా వధూవరులు కట్టుకొను ఎఱ్ఱఅంచు తెల్లబట్టలే. తేనె జారిపోయి దాని పేరు మాత్రము బట్టలకు నిలిచినది. జాతకర్మలో శిశువు నాలుకకు తేనెను నేతిని తాకించు నాచారము కూడ ఉన్నది. ఏడాది నిండని శిశువునకు తేనె యీయరాదని, దానివలన బొటులిజమను ప్రమాదకరమైన వ్యాధి కలుగవచ్చునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఈ మాటను ఇంటి పెద్దలు తప్పక మన్నింపవలెను.

ఆ కొద్దిపాటి తేనెను మనవారు దేనిలో దాచిరి? అడవిలో సొరకాయబుఱ్ఱ, వెదురుబొంగు. ఊరిలో మట్టికుండ, ఆపైని జాడీ. వీనిలో ఏ యొక్కటియు లోపలి వస్తువును బయటికి చూపదు. మూత తీసి, ఉద్ధరిణెతో తీసికొని, మరల మూసివేయుటయే. అడుగున పూస చేరినను అది చేతికి తగులునే కాని నలుగురి కంటికి కనబడదు. కంటికి కనబడని దానిపై పంచాయతీ జరుగదు. గాజుసీసా సామాన్య గృహములలో ప్రవేశించిన పిదపనే తేనెకు రూపపరీక్ష మొదలైనది.

ఇక మన డెల్టా సంగతి. 1852లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట ఆరంభించి 1855లో ముగించిరి. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియైనది. కాలువలు పారిన మేరకు మెట్టచేలు మాగాణులైనవి. ఊరిచుట్టు పచ్చని వరి నిండినది. వరి మనకు అన్నము పెట్టును గాని తేనెటీగకు మకరందము పెట్టదు. వరిపూవు చాలవరకు తన పుప్పొడితోనే గింజ కట్టును. ఈగను పిలువవలసిన పని దానికి లేదు. డెల్టాలో తేనెకు మిగిలినవి గట్లమీది చింతలు, వేపలు, పెరటి మునగలు, కొబ్బరితోటలు. ఇట్టి చెట్లపై చిన్న పట్టులు పట్టుచునే యున్నవి. కాని బెజవాడవంటి పట్టణమునకు, చుట్టుప్రక్కల పల్లెలకు కావలసిన తేనెకు ఇవి చాలవు. కావున కొండతేనె వచ్చినది. కృష్ణలో నీరు పైనుండి వచ్చినట్లే, తేనెయు పైనుండియే రావలసివచ్చినది.

కృష్ణానది డెల్టాకు దిగుటకు పూర్వము నల్లమల కొండలను చీల్చుకొని వచ్చును. ఆ కొండలలో చెంచులు తరతరములుగా తేనె తీయుచున్నారు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను పండితుడు వారి నడుమ నివసించి 1943లో చెంచులపై గ్రంథము ప్రకటించెను. పెద్ద తేనెటీగలు నిలువు కొండచరియల క్రింద బారెడు వెడల్పున పట్టులు పట్టును. తేనె తీయువాడు త్రాటిని పట్టుకొని చరియ దిగి, పొగపెట్టి, ఈగలను తరిమి, పెరను కోయవలెను. పైన త్రాటిని పట్టుకొనువాడు బావమరిదియే కావలెనని చెంచుల ఆచారముగా చెప్పుదురు. బావమరిది బ్రతుకు కోరును, దాయాది చావు కోరును అను మన సామెతకు ఇంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి లేదు.

ఇట్లు ప్రాణము త్రాటికి వ్రేలాడగట్టి తెచ్చిన తేనెను పూర్వము చేతితో పిండి, బట్టలో వడకట్టుచుండిరి. అందువలన అందు మైనపు తునుకలు, పుప్పొడి ఎంతో కొంత మిగులును. కొండలోని చెంచు దానిని ఎరుగును. అతనియొద్ద కొన్న వర్తకుడు కొంత యెరుగును. బెజవాడలో గాజుసీసాలో పోసికొన్నవారు ఏమియు నెరుగరు. తేనె తీసినవారికిని తినువారికిని నడుమ దూరము పెరిగినది. దూరము పెరిగినచోట ఎరుక తగ్గును. ఎరుక తగ్గినచోట అనుమానము చేరును. మా వీధిలో జరిగినది ఇదియే.

ఇంతలో ప్రపంచమున తేనె తీయు విధానమే మారిపోయినది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతాచార్యుడు, ఈగలు తమ రాకపోకలకు విడుచుకొను సన్నని సందును గుర్తించి, ఊడదీసి మరల అమర్చదగిన చట్రములతో పెట్టెను నిర్మించెను. 1865లో హ్రుష్కా యను సైనికోద్యోగి, పెరను పిండకుండ గిరగిర త్రిప్పి తేనెను వేరుచేయు యంత్రమును చూపెను. దానితో పెర చెడదు, గూడు కూలదు, తేనెలో మైనము, పుప్పొడి మిక్కిలి తగ్గును. దక్షిణదేశమున తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ మన దేశపు చిన్న ఈగకు తగిన పెట్టెను 1910 ప్రాంతమున రూపొందించి, దాని వాడుకను పలువురకు నేర్పెను. అది నేటికిని న్యూటన్ పెట్టె యను పేరనే ప్రసిద్ధము. 1934లో గాంధీజీ ప్రోత్సాహమున వార్ధాలో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము ఏర్పడగా, తేనెటీగల పెంపకము గ్రామపరిశ్రమలలో నొకటిగా గౌరవము పొందినది. స్వాతంత్ర్యానంతరము ఖాదీ గ్రామపరిశ్రమల సంస్థ ఆ పనిని చేపట్టినది. 1962లో పూనాలో కేంద్ర తేనెటీగల పరిశోధనాలయము వెలసినది. ఇంచుమించు ఆ కాలముననే ఐరోపా జాతి తేనెటీగ ఉత్తరదేశమున స్థిరపడి, క్రమముగా మన ప్రాంతములకు వచ్చినది. ఏలూరు చెంతనున్న విజయరాయి వ్యవసాయ పరిశోధనాస్థానమున కూడ తేనెటీగలపై పరిశోధనలు జరిగినవి. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండవారి తేనెను కొని, శుభ్రపరచి, సీసాలలో నింపి పట్టణములలో అమ్మనారంభించినది.

ఈ మార్పులన్నిటివలన తేనె శుభ్రపడినది, విరివియైనది, గాజులో మెరసినది. మెరపునకు అలవాటుపడిన కన్ను పూసను సహింపదు. మరి ఆ పూస యేల కట్టును?

కారణము మన వంటింటిలోనే కలదు. పంచదార పాకమును చిక్కగా కాచి చల్లార్చినచో కొంత సేపటికి గిన్నె అంచున పలుకులు కట్టును. వేడిగా నున్నపుడు నీరు మోయగలిగినంత చక్కెరను చల్లారిన పిదప మోయజాలదు. మిగిలినది గట్టిపడి బయటపడును. తేనెయు నట్టిదే. 1962లో అమెరికా వ్యవసాయశాఖవారు అనేక తేనెలను పరీక్షించి ప్రకటించిన లెక్కలలో సగటున నూటికి 38 పాళ్లు ఫ్రక్టోజు అను ఫలశర్కర, 31 పాళ్లు గ్లూకోజు అను ద్రాక్షశర్కర, 17 పాళ్లు నీరు. ఫలశర్కర నీటిలో సులభముగా కరగియుండును. ద్రాక్షశర్కర అట్లుండదు, అవకాశము దొరికినతోడనే పలుకులు కట్టును. పుప్పొడి రేణువు, మైనపు తునుక, గాలిబుడగ, ప్రాత సీసాలో మిగిలిన ఒక చిన్న పలుకు - ఏదైనను దానికి ఆధారము కావచ్చును. ద్రాక్షశర్కర హెచ్చుగానున్న ఆవతేనె, సూర్యకాంతి తేనె త్వరగా పేరుకొనును. సూర్యకాంతి మన దేశమున 1969 తరువాతనే నూనెగింజల పంటగా వ్యాపించినది. కావున త్వరగా పేరుకొను తేనె యీ తరమువారికి మరింత పరిచితము. ఫలశర్కర హెచ్చైన తేనె యేండ్ల తరబడి పలుచగానే యుండవచ్చును.

వాతావరణము సంగతియు తెలియవలెను. పూస కట్టుటకు మిక్కిలి అనుకూలమైనది సుమారు 14 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనము. 27 డిగ్రీలకు పైబడిన వెచ్చదనమున తేనె పేరుకొనుట అరుదు. బెజవాడ వేసవిలో పేరుకొనని తేనె సంక్రాంతి చలికి పేరుకొనుటకు కారణ మిదియే. విదేశములందు దీనిని దోషముగా గాక లాభముగా మార్చుకొన్నవారును కలరు. ఎల్టన్ డైస్ అను శాస్త్రజ్ఞుడు, కరిగించి వడకట్టిన తేనెలో పదవవంతు మెత్తని పూసతేనెను కలిపి 14 డిగ్రీలయందుంచి, వెన్నవలె మృదువుగా పేరుకొనునట్లు చేసి 1935లో ఆ విధానమునకు హక్కుపత్రము పొందెను. మనము వలదనుకొను దానిని అచ్చటివారు కోరి చేయించుకొని రొట్టెకు రాచుకొందురు.

మన అంగళ్లలో మాత్రము పూసకట్టిన సీసా అమ్ముడుపోదు. కావున వర్తకులు తేనెను సుమారు 60 డిగ్రీలకు పైగా వేడిచేసి, సన్నని జల్లెడలలో వడకట్టుదురు. పలుకులకు ఆధారమైన పుప్పొడియు, సూక్ష్మమైన పలుకులును తొలగిపోవును. సీసా నెలల తరబడి తళతళలాడును. కాని వేడివలన తేనెలోని సువాసన తగ్గును. ఈగలు చేర్చిన ఎంజైములు క్షీణించును. హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్ అను పదార్థము పెరుగును. తేనె యెంత కాగినదో, ఎంతకాలము వేడిలో నిలువయున్నదో చెప్పుటకు ఈ పదార్థమే కొలత. కిలో తేనెకు అది 80 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. కాచిన తేనె విషమని నేటి శాస్త్రము చెప్పదు. కాచినకొలది తేనె తన తేనెతనమును కోల్పోవునని మాత్రము చెప్పును. ప్రాచీన వైద్యుని నిషేధమునకు ఇది వేరొక దారిని వచ్చిన సమర్థనము.

మన కంటికోరికకు మరియొక మూల్యము కలదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రమువారు పేరుపడిన 13 రకముల సీసాతేనెలనుండి 22 నమూనాలను పరీక్ష చేయించిరి. అన్ని పరీక్షలలోను నెగ్గినవి ఐదు మాత్రమే. సామాన్య పరీక్షలకు దొరకకుండునట్లు ప్రత్యేకముగా తయారుచేసిన చక్కెరపాకములు కలుపబడుచున్నవని వారు ప్రకటించిరి. అట్టి పాకము పూసకట్టక పలుచగా మెరయునట్లు చేయవచ్చును. పూసకట్టిన తేనెను చూచి ఒక నిరుపేదను దూరినవారము, మెరయు పాకమును చూచి నిశ్చింతగా కొనుచున్నారమేమో ఆలోచింపవలెను. అయితే పూస కట్టుట శుద్ధతకు రుజువనియు మేము చెప్పము. పంచదార పాకము సయితము పలుకు కట్టును. కుక్క నాకదనుట, వత్తి వెలుగుననుట, నీటిలో చుక్క అడుగునకు చేరుననుట - ఈ యింటి పరీక్షలును నమ్మదగినవి కావు. తేల్చి చెప్పగలది ప్రయోగశాల యొక్కటియే.

ఇక ఇంటిలో తేనెను దాచు తీరు. పొడి గాజుసీసాయో, పింగాణీ జాడీయో మేలు. తేనెకు పులుపుగుణము కలదు గనుక ఇత్తడి, రాగి, ఇనుము పనికిరావు. సీసాను కడిగి బాగుగా ఆరనిచ్చి, ప్రాత పలుకులు లేకుండ చూచి క్రొత్త తేనె పోయవలెను. నాటుతేనెను సన్నని బట్టలో వడకట్టి, ఒక దినము కదలక నుంచి, పైకి తేలిన నురుగును మైనమును తీసివేయుట మంచిది. మూత బిగుతుగా నుండవలెను. తేనె గాలిలోని తేమను పీల్చును, మన డెల్టాలో భాద్రపద ఆశ్వయుజముల గాలి నిండ తేమయే. తడిచెంచా, తిన్నచెంచా ముంచరాదు. వంటింటి అలమర చాలును. పొయ్యిసెగ, సూటి యెండ తగలరాదు. ఫ్రిజ్జులో పెట్టవలదు. పాలను కాపాడు ఆ చల్లదనమే తేనెలో పూసను పుట్టించును.

అయినను పేరుకొన్నచో భయపడ నక్కరలేదు, అట్లే తినవచ్చును. పలుచన కావలెనన్నచో సీసా మూత వదులుచేసి, చేయి పెట్టి యోర్చుకొనగలిగినంత వేడినీటిలో, అనగా 40 డిగ్రీలు దాటని నీటిలో నిలిపి, నీరు చల్లారినపుడు మార్చుచుండవలెను. పొయ్యిపై నేరుగా పెట్టరాదు. పలుకు లన్నియు కరగవలెను. ఒకటి రెండు మిగిలినచో అవియే మరల విత్తనములగును. మందునకు వాడువారు, వేడి తగులరాదని నమ్మువారు పూసనే వాడుకొనుట ఉత్తమము.

నిజముగా చెడిన తేనెకు గురుతు వేరు. నురుగు లేచును, పులిసిన వాసన వచ్చును, మూత తీయగానే బుస్సుమనును. నీరు నూటికి 20 పాళ్లు మించిన తేనె యిట్లు పులియును. కొండతేనెలో తేమ హెచ్చు గనుక దానికి ఈ ప్రమాద మెక్కువ. పూసకట్టినపుడు నీటిలో కొంతభాగమే పలుకులతో పోవును. పైన మిగిలిన రసమున నీటిపాలు హెచ్చును. అందుచేత పూసకట్టిన సీసాను ఏండ్లకేండ్లు మరచిపోక త్వరగా వాడుకొనుట తెలివి.

మా వీధికి వచ్చిన యామె చెప్పిన మాటలో ఇంత చరిత్రయు, ఇంత శాస్త్రమును ఇమిడియున్నవి. ఆమె వీనిని చదివి యుండలేదు. తేనెను చూచి యెరిగినది. మేము సీసాను మాత్రమే చూచి మాట తొందరపడితిమి. ఆమెకు చెప్పవలసిన క్షమాపణ చెప్పుకొను వీలు మాకు లేదు. ఈ చలికాలమున మీ యింటి తేనె తెల్లబడినపుడు, అమ్మినవారిని పిలిచి యడుగుటకు ముందు, ఒక చెంచా పూస తీసి నోట వేసికొని చూడుడు. మన పెద్దలు దానికి మధుశర్కర యని పేరు పెట్టియే యుంచిరి.